ఓర్ముజ్ ఓడలో మదనపల్లె పిల్లవాడు

పెరటి గుమ్మం దగ్గర నిలబడి చూడండి. ఊరు కడప. ఇరవయ్యో శతాబ్దం మొదలై ఇంకా నాలుగైదేళ్లే. మలేరియాకు పేరుమోసిన ఊరు. ఒకావిడ పెరట్లోకి నడిచి వస్తోంది. ఆవిడ చీర కుచ్చెళ్ల వెనకాలే ఒక బక్కపలచని పిల్లవాడు. జ్వరాలు పడీ పడీ మొహం పీక్కుపోయింది, కళ్లు మాత్రం పెద్దవి. ఆవిడ జిడ్డు సంజీవమ్మ. వాడు కృష్ణ, ఆవిడకు ఎనిమిదో కాన్పు. దేవకికి ఎనిమిదో కాన్పులో పుట్టినవాడి పేరే వీడికీ పెట్టుకున్నారు.

ఒకచోట ఆవిడ ఆగిపోయింది. మీకు అక్కడ ఏమీ కనబడదు. ఆవిడ మాత్రం ఎవరితోనో మాట్లాడుతోంది, పొరుగింటావిడతో మాట్లాడినంత మామూలుగా. ఆ ఎవరో చనిపోయిన కూతురు. మధ్యలో కొడుకు వైపు తిరిగి, అక్క నీకూ కనబడుతోందా అని అడిగింది. వాడు నవ్వేశాడు. మళ్లీ చూడమంది. చూశాడు. ఈసారి నవ్వలేదు. అక్కను పాడె మీద తీసుకుపోవడం, కాల్చడం వాడికి తెలుసు. ఒక్క పరుగున వచ్చి తల్లిని కరుచుకున్నాడు. భయపడాల్సిందేమీ లేదని ఆవిడ చెప్పింది.

ఇది నేను కల్పించింది కాదు. పద్దెనిమిదేళ్ల వయసులో, 1913లో, ఫ్రాన్స్ సముద్రతీరాన వరంజ్‌విల్ అనే ఊళ్లో కూర్చుని జిడ్డు కృష్ణమూర్తి తన చిన్నతనం గురించి కొన్ని పేజీలు రాశాడు. అందులో ఉంది ఈ పెరడు. మా ఇంట్లో అమ్మకూ నాకూ తప్ప ఇంకెవరికీ ఇలా కనబడేది కాదు అని కూడా రాశాడు.

నిజంగా కనబడిందా అని మీరు అడగొచ్చు. ఆ చర్చ పెట్టుకుంటే మనం ఈ పెరడు దాటి బయటికి రాం. వాడికి తల్లి నేర్పింది ఏమిటో చూస్తే చాలు. పోయినవాళ్లు పోరు, పిలిస్తే వస్తారు, కాస్త కళ్లు చిట్లించి చూడటం తెలియాలి, అంతే. ఓనమాలతో పాటు వచ్చిన నమ్మకం అది. దేవుడి మీద నమ్మకం, గురువుల మీద నమ్మకం, అవన్నీ తర్వాత వచ్చి దీని మీదే కూర్చున్నాయి.

1905 డిసెంబరు. అదే కడప. సంజీవమ్మ చనిపోయింది. కృష్ణకు పదేళ్లు, వాడి వెనకాల పుట్టిన నిత్యానందకు ఏడు. ఇంకా చిన్నవాడు సదానంద్ ఉన్నాడు, వాడికి బుద్ధి ఎదగలేదు. పెద్దవాడు శివరాం. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి, పొద్దున పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. పిల్లల్ని చూసే దిక్కు లేదు. ఇంట్లో పూజగది ఉంది, గోడ మీద అనీ బిసెంట్ పటం ఉంది: చౌకీ మీద పులిచర్మం పరుచుకుని పద్మాసనంలో కూర్చున్న తెల్లదొరసాని. ఆవిడ దివ్యజ్ఞాన సమాజం పెద్దల్లో ఒకరు. నారాయణయ్య 1882 నుంచే ఆ సమాజంలో సభ్యుడు. పూజ దగ్గరుండి చూసుకున్నావిడ పోయింది. పటం మిగిలింది.

ఇప్పుడు మేడమెట్ల కింద నిలబడండి. పిల్లవాడు తలెత్తి పైకి చూస్తున్నాడు. అమ్మ మెట్లెక్కుతోంది. వాడు చప్పుడు చేయకుండా వెనకాలే ఎక్కుతున్నాడు. చెయ్యి చాచాడు. చీర చెంగు వేళ్లకు తగిలినట్టే ఉంది. చివరి మెట్టు దగ్గర ఆవిడ లేదు.

ఇదీ ఆ పేజీల్లో ఉంది. ఏడ్చినట్టు రాయలేదు. అమ్మ పోయాక తరచూ కనబడేది అన్నాడు, ఊరికే, వాన పడేది అన్నట్టు. తండ్రి కూడా తర్వాత అవునన్నాడు, పిల్లవాడు అలా చెప్పేవాడని. అమ్మ పోతే పిల్లవాడి నమ్మకం విరిగిపోవాలి కదా అనుకుంటాం. వీడిది విరగలేదు, ఇంకా గట్టిపడింది. అమ్మే నేర్పిన విద్య అమ్మ మీదే పనిచేసింది.

1907లో నారాయణయ్యకు మళ్లీ మదనపల్లె బదిలీ అయింది. కృష్ణ పుట్టిన ఊరు. 1895 మే 11 అర్ధరాత్రి దాటాక, పూజగదిలో కనాలని సంజీవమ్మ పట్టుబట్టి మరీ కన్న ఊరు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. మీరు టమోటా మార్కెట్టు హడావిడి దాటి, ట్రేలు ఎత్తిన లారీల మధ్యలోంచి పాత ఊళ్లోకి నడిచి వస్తే సందులో కనబడుతుంది. దాని ముందు నిలబడి ఫొటో తీసుకుని పోయేవాళ్లే ఎక్కువ. మీరు కాస్త ఆగండి. ఆటోల మోత పక్కన పెట్టి, ఇద్దరు పిల్లలు బడికి బయల్దేరడం చూడండి.

పెద్దవాడు కృష్ణ దిక్కులు చూస్తూ నడుస్తున్నాడు. మబ్బునో చీమల బారునో చూస్తూ నిలబడిపోతాడు. చిన్నవాడు నిత్య చురుకు. బడిలో కృష్ణకు రోజూ దెబ్బలే. పాఠం తలకెక్కదు. అయ్యవారు బయట నిలబెడితే నిలబడతాడు, ఎవరూ గుర్తు చేయకపోతే పొద్దుగూకినా అక్కడే ఉంటాడు. తమ్ముడే వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోవాలి. పలకో బలపమో లేని పిల్లవాడు అడిగితే తనది ఇచ్చేసి వస్తాడు. మొద్దు అని అందరూ తేల్చేశారు. మరి అదే మొద్దు ఒకరోజు గడియారం విప్పి ముందేసుకుని, బడి మానేసి, తిండి మానేసి, అన్ని ముక్కలూ మళ్లీ బిగించేదాకా లేవలేదు.

ఇల్లు దాటి నాలుగడుగులు వేశాక కృష్ణ వెనక్కి తిరిగి చూస్తాడు. మీరూ వినండి. గాజుల చప్పుడు. మట్టిగాజులు రెండు చేతులా నిండుగా వేసుకున్న మనిషి నడిచి వస్తే ఎలా ఉంటుందో అలా. వాడికి సగం భయం. తిరిగి చూస్తే చీర మసకగా, మొహం సగం. ఇంటి నుంచి బయటికి వచ్చినప్పుడల్లా దాదాపు ఇదే జరిగేదని రాశాడు. అమ్మ బడిదాకా దిగబెట్టడం మామూలే కదా. ఆవిడ పోయాక కూడా మానలేదు, అంతే.

ఆ తర్వాతి కథ చాలామందికి తెలుసు కాబట్టి గబగబా నడుద్దాం. ఉద్యోగం అయిపోయాక నారాయణయ్య దివ్యజ్ఞాన సమాజంలో పనికి కుదిరి, 1909 జనవరిలో పిల్లల్ని వెంటబెట్టుకుని మద్రాసు అడయారుకు చేరాడు. ప్రహరీ బయట శిథిలమైన ఇల్లు. ఆ వసంతంలో, సముద్రం ఒడ్డున, చిక్కి శల్యమైన పద్నాలుగేళ్ల కృష్ణను సమాజం పెద్దల్లో ఒకడైన లెడ్‌బీటర్ చూశాడు. ఇంతటి తేజోవలయం నేనెన్నడూ చూడలేదన్నాడు. రాబోయే జగద్గురువుకు శరీరం ఈ పిల్లవాడిదే అన్నాడు. పాఠాలు చెప్పిన ఎర్నెస్ట్ వుడ్‌కు ఇది వింతగా తోచింది, అతనూ ఈ కుర్రవాణ్ని మందబుద్ధి అనే అనుకున్నాడు మరి.

బడి దెబ్బలు ఆగాయి. మంచి తిండి, స్నానాలు, ఈత, సైకిలు, ఇంగ్లీషు. ఇంగ్లీషే మాట్లాడాలి. తెలుగు మెల్లగా వెనక్కిపోయి, ఒకనాటికి పూర్తిగా పోయింది. హిమాలయాల్లో ఉండే మహాత్ములు రాత్రిళ్లు నిద్రలో నీకు పాఠం చెబుతున్నారన్నారు. కళ్లకు కనబడని మనుషులు. వాడికి ఇది కొత్తగా ఏమీ అనిపించి ఉండదు. పెరట్లో ఆ విద్య వచ్చిందే. 1909 డిసెంబరులో ఆ పిల్లవాడు అనీ బిసెంట్‌కు ఉత్తరం రాశాడు. మిమ్మల్ని అమ్మా అని పిలవనిస్తారా, ప్రేమించడానికి నాకిప్పుడు వేరే అమ్మ లేదు అని అడిగాడు. పటంలోని దొరసాని కిందికి దిగి వచ్చింది.

కొడుకులిద్దర్నీ వెనక్కి ఇమ్మని నారాయణయ్య కోర్టుకెక్కాడు. మద్రాసు హైకోర్టులో గెలిచాడు, 1914లో లండన్ ప్రివీ కౌన్సిల్‌లో ఓడిపోయాడు. పిల్లలు అప్పటికే ఇంగ్లండ్‌లో ఉన్నారు. ఒకడికి లోకమంతా శిష్యులు, మెట్రిక్యులేషన్ మాత్రం ఎన్నిసార్లు రాసినా గట్టెక్కలేదు. రెండోవాడు న్యాయశాస్త్రం చదువుకున్నాడు, లోకం పోకడ తెలిసినవాడు, అన్నకు అడ్డంగా నిలబడి అవతలివాళ్ల మాట వినేవాడు. కృష్ణకు మదనపల్లె నుంచి మిగిలింది వాడొక్కడే. ఇల్లు పోయింది, తండ్రి పోయాడు, భాష పోయింది. బడి అరుగు మీది నుంచి చెయ్యి పట్టుకుని తీసుకుపోయిన ఆ తమ్ముడు మాత్రం పక్కనే ఉన్నాడు.

1921లో ఆ తమ్ముడికి క్షయ అని తేలింది. మందు లేని రోజులు. పొడిగాలి, మంచం, గుడ్లు, పాలు, వాటితో పాటు ఆశ. అందుకే స్విట్జర్లాండు, అక్కణ్నుంచి తిరిగి తిరిగి 1922లో కాలిఫోర్నియాలోని ఓహై లోయ. ఇక్కడొక మాట చెప్పకుండా ఉండలేను. మదనపల్లె పొలిమేరలో 1915 నుంచే క్షయ శానటోరియం నడుస్తుండేది. డెన్మార్కు డాక్టరు ఫ్రిమాట్-మోలర్ పెట్టించిన మిషన్ ఆసుపత్రి, తర్వాత ఆ చోటికి ఆరోగ్యవరం అనే పేరే నిలిచిపోయింది. ఊపిరి కోసం దక్షిణాది నలుమూలల నుంచీ జనం ఈ ఊరి గాలికి వచ్చారు. ఈ ఊరిబిడ్డ సగం భూమి చుట్టి అవతలికి పోయాడు.

ఓహైలో కృష్ణకు ఏదో మొదలైంది. వెన్నులో మెడలో భరించరాని నొప్పి, ఒంటి మీద తెలివి తప్పడం. ఆ స్థితిలో గొంతు చిన్నపిల్లవాడి గొంతైపోయేదనీ, అమ్మను పిలిచేవాడనీ పక్కన కూర్చుని చూసిన నిత్య రాసి పెట్టాడు. దీనికి దివ్యజ్ఞానులు ఒక అర్థం చెప్పారు, వైద్యులైతే ఇంకొకటి చెబుతారు. నాకు అమ్మను పిలవడం ఒక్కటే గుర్తుండిపోయింది.

1925 ఫిబ్రవరిలో కృష్ణ ఒక కల గురించి బిసెంట్‌కు రాశాడు. మహాత్ముల ఇంటికి వెళ్లాడట, తమ్ముణ్ని బతికించమని వేడుకున్నాడట. నా సుఖం మొత్తం ఇచ్చేస్తాను, వాణ్ని మాత్రం ఉండనివ్వండి అన్నాడట. వాడు బాగవుతాడు అని అక్కడ జవాబొచ్చింది. అన్నకు అది చాలు. తానూ నిత్యా కలిసి చేయాల్సిన పని ఉంది, దానికి వాడు కావాలి, కాబట్టి వాడు ఉంటాడు. ఆ శరదృతువులో సమాజం యాభయ్యేళ్ల ఉత్సవానికి అడయారు రావలసి వచ్చినప్పుడు, మంచం మీద ఉన్న తమ్ముణ్ని ఓహైలో వదిలి బయల్దేరాడంటే ఆ మాట మీద భరోసాతోనే.

నవంబరు 8. నేపుల్స్ రేవు. ఓర్ముజ్ అనే ఓడ. మీరూ ఎక్కండి.

పై అంతస్తులో డెబ్భై ఎనిమిదేళ్ల అనీ బిసెంట్, ఆవిడ చుట్టూ సమాజం పెద్దలు. కృష్ణ ఉన్న క్యాబిన్‌లోనే బి. శివరావు పడక. దేశంలో పేరున్న పాత్రికేయుడై, తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్న శివరావే. ఓడలోకి తంతి వచ్చింది: నిత్యకు ఫ్లూ కాస్త ముదిరింది, ప్రార్థించండి అని. కృష్ణ కంగారు పడలేదు. వాడు పోయేదే ఉంటే నన్ను ఓహై నుంచి కదలనిచ్చేవాళ్లా అని శివరావుతో అన్నాడు. ఆయన మొహంలోకి చూడండి ఒకసారి. అందగాడు, ముప్పై ఏళ్లు, లండన్ దర్జీ కుట్టిన సూటు. బెదురు లేదు. రైలెక్కిన కొడుకు ఫలానా పూటకు దిగుతాడని తెలిసిన తల్లి కూడా ఇంత నిశ్చింతగా ఉండదు.

13వ తేదీ రాత్రి. ఓడ సూయజ్ కాలువలోకి తిరుగుతోంది. ఉరుములు, మెరుపులు. ఎడారి అంచున వాన అరుదు, ఆ రాత్రే కురవాలా. ఇంకొక తంతి వచ్చింది. అది బిసెంట్ చేతికి చేరింది. ఆవిడ శివరావును పిలిచి కృష్ణ క్యాబిన్ దాకా తీసుకుపొమ్మంది. సన్నటి నడవా, పసుపురంగు దీపాలు, కాళ్ల కింద యంత్రాల అదురు. తలుపు దగ్గర శివరావు ఆగిపోయాడు. ఆవిడ ఒక్కతే లోపలికి వెళ్లింది.

తలుపు మూసుకుంది కాబట్టి మనమూ బయటే ఉందాం. లోపలికి వెళ్లిన మనిషి ఎవరో మాత్రం తెలుసుకోండి. 1871లో ఆవిడ ఇంగ్లండ్‌లో ఒక చర్చి పాస్టరు భార్య, ఇద్దరు పిల్లల తల్లి. కోరింత దగ్గుతో పసికూతురు మేబెల్ ఊపిరాడక గిలగిల్లాడుతుంటే రోజుల తరబడి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బిడ్డ బతికింది. తల్లికి దేవుడి మీదున్న నమ్మకం మాత్రం ఆ మంచం దగ్గరే పోయింది. పసిబిడ్డను ఇలా హింసించేవాడు దేవుడెలా అవుతాడన్న ప్రశ్న ఆవిణ్ని మొగుడి నుంచీ చర్చి నుంచీ బయటికి లాగింది. నాస్తికురాలై, ఉద్యమకారిణియై, చివరికి మహాత్ముల దగ్గరికి చేరింది. అలాంటి మనిషి యాభై నాలుగేళ్ల తర్వాత, ఆ మహాత్ముల మాట తప్పిందని చెప్పే కాగితం చేత్తో పట్టుకుని, తనను అమ్మా అని పిలిచినవాడి ముందు నిలబడింది. ఆవిడకు ఆ కాగితం బరువు తెలియకపోదు.

ఆ రాత్రీ, ఆ తర్వాతి రాత్రులూ ఏం జరిగిందో శివరావు చెప్పాడు. మనిషి ముక్కలైపోయాడు. మహాత్ములు, వాళ్ల పథకం, అందులో నిత్యకున్న చోటు, బిసెంట్ లెడ్‌బీటర్లు గీసిచ్చిన భవిష్యత్తు అంతా ఒక్కసారి కూలిపోయింది. పగలు ఆయన ఎలాగో కూడదీసుకునేవాడు, మౌనంగా తిరిగేవాడు. రాత్రయితే మూలుగులు, వెక్కిళ్లు.

పై పడక మీద పడుకుని వినండి. చీకటి. గుండ్రటి కిటికీ అవతల ఎర్రసముద్రం. కింద వాడు నిత్యా నిత్యా అని పిలుస్తున్నాడు. మధ్యలో ఇంకేవో మాటలు. శివరావు చెవులు రిక్కించాడు. ఇంగ్లీషు కాదు. ఆ మనిషికి మెలకువలో ఒక్క ముక్క కూడా రాని భాష.

తెలుగు.

పదిహేను, పదహారేళ్లుగా నోటికి రాని తెలుగు. అడయారులో ఇంగ్లీషు కిందా, పారిస్‌లో ఫ్రెంచి కిందా పూడిపోయిందనుకున్న తెలుగు. శివరావుది తెలుగు ఇల్లు కాదు. ఆ మాటలేమిటో కాగితం మీదికి రాలేదు.

ఆ మాటలు ఎలా ఉండి ఉంటాయో తెలుసుకోవాలంటే పుస్తకాలు పనికిరావు. మదనపల్లె బస్టాండుకు రండి. పుంగనూరు, పలమనేరు, కుప్పం అని కండక్టరు ఒకే ఊపిరిలో అరుస్తున్నాడు. ఎక్కి వెనక సీట్లో కూర్చోండి. కదిరిలో కృష్ణకు ఒడుగు చేశారు, ఆ కదిరి నుంచి వచ్చే రోడ్డే ఇది, మదనపల్లె మీదుగా కుప్పం దాకా పోయి అవతల తమిళనాడులో దిగుతుంది. ముందు సీట్లో ఒక తల్లి, ఇద్దరు మగపిల్లలు. "రేయ్, చెయ్యి లోపల పెట్టుకోరా." "మా, నీళ్లు కావల్ల." "యాడుండాయి రా నీళ్లు, పుంగనూరు రానీ." చిన్నవాడు ఏడుపు లంకించుకున్నాడు. పెద్దవాడు వాడి మెడ చుట్టూ చెయ్యేసి కిటికీలోంచి ఏదో చూపిస్తున్నాడు. చూస్తే పొట్టి ఆవు, పుంగనూరు ఆవు. ఈ మధ్య ఫొటోల్లోనే ఎక్కువ కనబడే జాతి. చిన్నవాడు ముక్కు తుడుచుకుని చూశాడు.

సంజీవమ్మ ఇంట్లో మాట్లాడింది సరిగ్గా ఇదే తెలుగు అని నేననను. కులాన్ని బట్టి, కాలాన్ని బట్టి మాట మారుతుంది. అయితే నీళ్లు అడగడానికీ, భయమేస్తోందని చెప్పడానికీ, తమ్ముణ్ని పిలవడానికీ పదేళ్లవాడికి కావలసిన మాటలు ఎన్ని? ఒక గుప్పెడు. అవి ఇక్కడివే.

పలమనేరు దాటి కుప్పం చేరేసరికి బస్సులో మాట కలగాపులగమైపోతుంది. ఒక అడుగు అటేస్తే తమిళం, ఇటేస్తే కన్నడం. ద్రావిడ భాషల కోసం 1997లో ప్రభుత్వం విశ్వవిద్యాలయం పెట్టింది కూడా ఈ ఊళ్లోనే. బస్టాండులో పండ్లమ్మే పిల్ల ఒక బేరం తమిళంలో చేసి, చిల్లర కన్నడంలో లెక్కపెట్టి ఇస్తుంది. తోపుడుబండి చక్రం కాలి మీదెక్కినప్పుడు ఏ భాషలో అరిచిందో వినండి. అప్పుడు ఆ పిల్ల ఎవరింటి పిల్లో తెలిసిపోతుంది. ఓర్ముజ్ ఓడలో శివరావు విన్నది అలాంటి అరుపే.

ఇక్కడే నాకు ఆ కథలో ఇంకో పొర కనబడుతుంది. క్యాబిన్‌లో విరిగింది దివ్యజ్ఞాన సమాజం మీద నమ్మకమే అయితే ఏడుపు ఇంగ్లీషులో రావాలి. ఆ నమ్మకం ఇంగ్లీషులో నేర్చుకున్నదే. మహాత్ముల పేర్లు, దీక్షల మెట్లు, కలల భాష్యాలు అన్నీ ఇంగ్లీషే. ఏడుపు తెలుగులో వచ్చిందంటే దెబ్బ ఇంకా లోతుకు దిగింది, కడప పెరట్లోకి దిగింది. పిలిస్తే వస్తారు అన్న తల్లి మాట దగ్గరికి. నిత్యను రాత్రంతా పిలిచాడు. మెట్ల మీద ఎవరూ కనబడలేదు, వెనకాల అడుగుల చప్పుడు లేదు. అమ్మ కోసం అప్పుడు ఏడవనిది కూడా ఇప్పుడు కలిపి ఏడ్చాడని నాకనిపిస్తుంది. అప్పుడు ఏడవాల్సిన అవసరం రాలేదు, ఆవిడ పోలేదనుకున్నాడు కాబట్టి.

కొలంబోలో దిగేసరికి శివరావుకు ఆ మనిషే మారినట్టు కనబడ్డాడు. మొహం తేటపడింది. తమ్ముడూ నేనూ ఇప్పుడు ఒకటే అన్న అర్థంలో ఒక పత్రికకు రాశాడు. సిడ్నీ నుంచి పరివారంతో వచ్చిన లెడ్‌బీటర్ రేవులో ఎదురై, పోనీ నువ్వు అర్హతుడివైతే అయ్యావు కదా అని పలకరించాడని చెబుతారు. దీక్షల నిచ్చెనలో నాలుగో మెట్టు అది. నిత్య సంగతి ఎత్తకుండా ఈ పలకరింపు ఏమిటని మీకు కోపం రావచ్చు. నాకూ వచ్చింది. అయితే ఆయన దగ్గర ఇవ్వడానికి వేరే ఏముంది? మెట్లే ఉన్నాయి.

డిసెంబరు 28, అడయారు మర్రిచెట్టు కింద పొద్దున్నే సభ. జగద్గురువు గురించి ఆయన వస్తాడు అంటూ మాట్లాడుతున్న కృష్ణమూర్తి నడుమ ఎక్కడో నేను వస్తున్నాను అన్నాడు. బిసెంట్ పులకించిపోయింది. నమ్మకం తిరిగొచ్చిందని అందరూ అనుకున్నారు. మూడున్నరేళ్లకు, 1929 ఆగస్టు 3న, హాలండులోని ఓమెన్ శిబిరంలో మూడు వేలమంది ముందు, బిసెంట్ ఎదుటే, తనకోసం కట్టిన సంస్థను రద్దు చేసేశాడు. సత్యానికి సంఘం పెట్టలేరు, నన్ను అనుసరించకండి, ఎవర్నీ అనుసరించకండి అన్నది ఆయన చెప్పినదాని సారం. ఆయన పేరిట వచ్చిన కోటలూ భూములూ ఇచ్చినవాళ్లకు తిరిగి వెళ్లాయి.

ముసలితనంలో ఆయన తన చిన్నతనాన్ని ఎవరిదో కథలా చెప్పేవాడు. నేను అనకుండా ఆ పిల్లవాడు అనేవాడు. ఆ పిల్లవాడు ఖాళీగా ఉండేవాడు, దెబ్బలు కొట్టినా పూజలు చేసినా ఏ ముద్రా పడలేదు, ఎందుకని అని చుట్టూ ఉన్నవాళ్లను అడిగేవాడు. ఆయన మాట కాదనడం నాకు తగునా తెలియదు కానీ, శివరావు విన్న రాత్రులు వేరే సాక్ష్యం చెబుతున్నాయి. ముద్ర పడింది. మెలకువలో ఆయనకు చదవరాని లిపిలో పడింది.

అరవై ఏళ్లపాటు ఊరూరా సభల్లో భర్త పోయినవాళ్లు, బిడ్డ పోయినవాళ్లు ఆయన ముందు లేచి నిలబడ్డారు. వాళ్లు మళ్లీ కనబడతారా అని అడిగారు. ఎక్కడో ఒకచోట ఉంటారని ఆయన ఒక్క మాట అంటే చాలు, ఇంటికి పోయి నిద్రపోతారు. ఆయన అనలేదు. నువ్వు ఏడుస్తున్నది పోయినవాడి కోసమా నీకోసమా అని తిరిగి అడిగేవాడు. చదివినప్పుడల్లా ఇది కరకుదనం అనిపించేది నాకు. కడుపుకోతతో వచ్చిన తల్లిని పట్టుకుని అలా అడుగుతారా ఎవరైనా? ఆ తల్లి కోరిన ఓదార్పు ఆయనకు ఒకప్పుడు దొరికింది. ముందు పెరట్లో, తర్వాత కలలో, చాలా ప్రేమగా ఇచ్చారు. నేపుల్స్‌లో ఓడెక్కినప్పుడు అది ఆయన దగ్గరే ఉంది.